పయనపు బొమ్మకు రెండో కన్ను

"పొద్దస్తమానం తెల్లగోడలు చూసి చూసి కళ్ళు పోతున్నాయి. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే పప్పు కూడా పాలిపోయే ఉండాలా?" అన్నాడు బొప్పన, ముద్ద కలపకుండా.

ఆదెమ్మ గరిటె దించలేదు. "పాలిపోతే రుచి పోయిందా? ఉప్పు సరిపోయింది, పోపు మాడలేదు. రంగుతో నీకేం పని?"

"పసుపెందుకు వెయ్యలేదని అడుగుతున్నా."

"ఉంటే వెయ్యనా? నా చేత్తో దంచి కుండెడు పెట్టాను. నిండా పది రోజులు కాలేదు. పొద్దున మూత తీస్తే అడుగున చిటికెడు లేదు. ఏ దెయ్యం తిందో!"

"పసుపు తినే దెయ్యం సంగతి నేనెక్కడా వినలేదు. ఇరుగమ్మకీ పొరుగమ్మకీ దోసిళ్ళతో పోసుంటావు."

"నేనా? మీ అమ్మనడుగు. మోకాళ్ళకి రోజూ పట్టు వేసుకునేది ఆవిడేగా."

స్తంభానికి చేరగిలబడి మజ్జిగన్నం తింటున్న నాయనమ్మ బోసినోటితో నవ్వింది. "నా మోకాళ్ళు అంత పెద్దవి కావే ఆదీ! కుండెడు పసుపు పట్టడానికి నేనేం పట్టపుటేనుగునా?"

"సరే, రేపట్నుంచి కారం కూడా తెల్లగా కొట్టించు. రాజుగారు మెచ్చుకుంటారు," అని విసుక్కుంటూ బొప్పన ముద్ద కలిపాడు. ఆదెమ్మ నెయ్యి గిన్నెను కాస్త చప్పుడయ్యేటట్టే అతని ముందు పెట్టింది.

వాళ్ళ కూతురు పొన్నారి తలెత్తలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని అన్నం తినడం ఎంత కష్టమో ఆ పూట ఆమెకి తెలిసొచ్చింది. గోళ్ళ అంచున పసుపు మిగిలిపోయింది. సున్నం పనివాళ్ళ ఇంట్లో పసుపు చెయ్యి దాగదు. తడిసున్నం చుక్క పడిందా, క్షణంలో పారాణిలా ఎర్రబడుతుంది. అందుకే సున్నం తొట్టి దగ్గరికి పసుపు తేకూడదని ఆ ఇంట్లో తాతల నాటి కట్టడి. బొప్పన నగరానికంతటికీ పెద్ద సున్నంకారు. అతని కూతురే ఆ కట్టడిని మూడు నెలలుగా మీరుతోంది.

"ఓడరేవు గోడకి పూత రేపు," అన్నాడు బొప్పన చెయ్యి కడుక్కుంటూ. "ఇవాళ తొట్టిలో సున్నం వడకట్టి పెట్టు, పొన్నారీ."

"అలాగే, నాయనా," అంది పొన్నారి. ఓడరేవు గోడ ఇవాళ ఖాళీ అన్నమాట.

ధవళావతి నగరాన్ని మొదటిసారి చూసే ఓడవాళ్ళు ఒడ్డున ఉప్పుకొండ ఉందనుకుని చుక్కాని తిప్పేవారట. కోట తెలుపు, కొత్తళాలు తెలుపు, అంగళ్ళ అరుగులు తెలుపు, ఏనుగులు నీళ్ళు తాగే తొట్లు తెలుపు. మధ్యాహ్నపు ఎండ ఆ గోడల మీద పడి తిరిగొచ్చి కళ్ళలో సూదుల్లా గుచ్చుకునేది. ఆ వేళ కుక్కలు కూడా అరుగుల కింద దూరి ముక్కు కాళ్ళలో దాచుకునేవి. వీధిలో తిరగడం సున్నంవాళ్ళకే చెల్లు. కళ్ళ కింద మసి పూసుకుని, ముఖానికి పల్చని నల్లగుడ్డ కట్టుకుని వాళ్ళు మాత్రం నడవగలిగేవారు.

ఏడేళ్ళ కిందట ఆ నగరం పేరు వర్ణావతి. అప్పుడు ఏ గోడా ఖాళీగా ఉండేది కాదు.

ఇంట్లోంచి ఎవరు దూరప్రయాణం వెళ్ళినా ఆ ఇంటి ఆడవాళ్ళు వీధిగోడ మీద ఆ మనిషి బొమ్మ వేసేవారు. దాన్ని పయనపు బొమ్మ అనేవారు. దానికి ఎడమకన్ను ఒక్కటే పెట్టేవారు. వెళ్ళినవాడు తిరిగొచ్చి, ఇంకా గడప బయటే, కాళ్ళకి దారి దుమ్ముతో నిలబడి ఉండగా, ఇంటి ఆడది కుంచె తెచ్చి కుడికన్ను పెట్టేది. ఆ తరవాతే బొమ్మ తుడిచి, అతన్ని లోపలికి పిలిచేది. వీధి ఆ చివర నుంచి ఈ చివరికి నడిస్తే చాలు, ఏ ఇంట్లో ఎవరు ఊళ్ళో లేరో, ఎవరి మొగుడికి బొజ్జ పెరిగిందో, ఎవరి అత్త కోడలి తమ్ముడికి కావాలని చట్టిముక్కు పెట్టిందో అన్నీ తెలిసిపోయేవి. పోలిక కుదరలేదని తగాదాలు, కుదిరిందని పీటల మీద కూర్చోబెట్టి పాయసాలు. సాయంత్రాలు గోడల మీద నీలిమందు, జేగురు, ఆకుపసరు ఆరుతున్న వాసన వచ్చేది. ఆ వాసన తలచుకుంటే పొన్నారికి ఇప్పటికీ నోట్లో నీళ్ళూరేవి, ఎందుకో తెలియదు.

ఊరు మొత్తానికి నాయనమ్మ గీసిన బొమ్మలే బొమ్మలు. మనవరాలికి పెరటిగోడ మీద తడివేలితో నేర్పింది. "చెయ్యి భుజం నుంచి కదలాలే. మణికట్టు తిప్పితే గీత భయపడినట్టుంటుంది. ముక్కుతో మొదలుపెట్టు. పాదాలు మాత్రం ఎప్పుడూ గుమ్మం వైపు తిప్పు. మనం గీసేది వెళ్ళే మనిషిని కాదు, వచ్చే మనిషిని."

యువరాజు మణికేతుతో పాటు డెబ్బైమంది జవాన్లు పగడాల దీవికి ఓడెక్కినప్పుడు పొన్నారికి పదకొండేళ్ళు. వాళ్ళలో ఆమె అన్న మాచన ఒకడు. అతని ఎడమచెవి తమ్మె చిన్నప్పుడు గాలానికి చిక్కి చీలింది. నాయనమ్మ బొమ్మ గీస్తే, పాదాలు పొన్నారి గీసింది. అన్న నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఏమే పిచ్చుకా, నాకు రెండూ ఎడమపాదాలేనా? ఇలాగైతే గుండ్రంగా తిరుగుతూ ఎప్పటికి చేరతాను ఇంటికి?" అని నవ్వాడు. పొన్నారి ఏడ్చి, చెరిపి, మళ్ళీ గీసింది.

ఓడ రాలేదు. విరిగిన చుక్కాని ముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మరుసటి నెలలోనే తెల్లపడవ మీద శుక్లాక్షుడనే మాంత్రికుడు దిగాడు. కనుబొమలు తెలుపు, కనుపాపలే లేని కళ్ళు తెలుపు. కొడుకు కోసం అన్నం మానేసిన రాజుగారి చెవిలో అతను ఒక్కటే మాట చెప్పాడట: "ఈ ఒంటికంటి బొమ్మలు నీ బిడ్డ ఆత్మను కదలనివ్వడం లేదు. తుడిపించు." గోడకు సున్నం తప్ప మరో రంగు తగలకూడదని, గీసిన చెయ్యి మణికట్టు దాకా తెగుతుందని చాటింపు వేశారు. మొదటి పూత పెద్ద సున్నంకారు తన ఇంటి గోడకే వెయ్యాలి. మాచన బొమ్మ ఒక్క పూతకి పోలేదు. బొప్పన మూడు పూతలు వేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కొడుకు పేరెత్తలేదు.

మూడు నెలల కిందట పొన్నారి వంటింట్లోంచి హడావిడిగా వచ్చి, జారబోయి, వీధిగోడకి చెయ్యి ఆనించింది. పసుపుచెయ్యి. ఎండలో ఆ మరక ఎవరికీ కనిపించలేదు. మర్నాడు అదే గోడకి పూత వేస్తుంటే సున్నం కింద నుంచి అయిదు వేళ్ళు ఎర్రగా విచ్చుకున్నాయి. భయపడాల్సింది పోయి, ఆమె కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడేళ్ళ తరవాత ఆ వీధిలో ఒక రంగు. అది తన చెయ్యి!

ఆ తరవాత ఇక ఆగలేదు. మధ్యాహ్నం వేళ, పల్చని పసుపునీళ్ళతో, అంగడివీధిలో చేప గీసింది. సుంకపు చావడి గోడ మీద పిల్లలకోడి, గుర్రపుశాల మీద ఊయల. తెల్లటి ఎండలో ఆ పసుపు ఎవరి కంటికీ ఆనేది కాదు. రాజాజ్ఞ ప్రకారం సున్నం పూయగానే ఎర్రగా లేచి కూర్చునేవి. చెరపమని మరో పూత వేయిస్తే మరింత ఎరుపు. మూడు రోజులకి గాని వెలిసేవి కావు. ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా ఏదో పని కల్పించుకుని అటుగా తిరిగేది. మాచనతో పాటు ఓడెక్కినవాడి భార్య, ఎండుచేపలమ్మే సోమసాని, గంప దించి మరీ చూసి, "ఎవరో గాని చేపల్ని తినడమే తప్ప చూసిన మొహం కాదు. తోక పొట్టి," అంది. పక్కనే ఉన్న పొన్నారికి చెవులు వేడెక్కాయి. వారం తిరిగేలోపు ఉప్పుగిడ్డంగి గోడ మీద మరో చేప లేచింది. తోక కుదిరింది. సోమసాని తలూపడం చూశాక ఆమెకి రెండు రోజులు ఆకలి వెయ్యలేదు.

కానీ మనిషిని మాత్రం గీయలేదు. ఇవాళ గీయాలి. ఎల్లుండితో ఓడ వెళ్ళి ఏడేళ్ళు నిండుతాయి. ఆ రోజు సముద్రపు ఒడ్డున డెబ్బైమందికీ తర్పణాలు వదలాలని రాజాజ్ఞ. అన్నను నీళ్ళలో వదిలేసేలోగా ఒక్కసారి గోడ మీద చూడాలి. ఆమె కోరిందల్లా అంతే.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఓడరేవు గోడ వంద బారల పొడుగు. పొన్నారి నల్లగుడ్డ బిగించి, పసుపునీళ్ళ ముంత ఒళ్ళో దాచుకుని, గుడ్డపేలిక చుట్టిన కుంచె తీసింది. ముక్కుతో మొదలుపెట్టింది. చెయ్యి భుజం నుంచి కదిలింది. కనుబొమలు, చీలిన తమ్మె, నడుం మీద చేతులు. ఆమెకి తను గీస్తున్న గీత సరిగ్గా కనబడటం లేదు. అయినా ఎక్కడ ఆపాలో వేళ్ళకి తెలుస్తోంది. పాదాలు ఇంటివైపు తిప్పింది, ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఎడమకన్ను పెట్టింది. కుడికన్ను చోటు మీద కుంచె ఒక్క క్షణం నిలిచి, వెనక్కి వచ్చింది.

అంతలో శంఖం ఊదారు.

వీధి మలుపులో తెల్లపల్లకీ. ముందు తెల్లజెండా పట్టిన భటుడు, వెనక బారుగా మరికొందరు. శుక్లాక్షుడి భటులు నెత్తి నుంచి మడమ దాకా తెల్లముసుగులోనే ఉండేవారు. వాళ్ళు మాట్లాడగా, నవ్వగా, చివరికి నీళ్ళు తాగగా కూడా ఎవరూ చూడలేదు. వాళ్ళ మధ్యలో సున్నం బాన మోస్తూ బొప్పన! పొన్నారి పారిపోయే వీలు లేక, పనికి ముందే వచ్చిన కూలీలా గోడ పక్కన ఒదిగి నిలబడింది.

"రేపటి దాకా ఎందుకు? ఈ గోడ ఇప్పుడే పూయి. నా ముందే పూయి," అన్నాడు శుక్లాక్షుడు పల్లకీలోంచి. "ఏ గోడకి ఎరుపొస్తుందో నేనూ చూడాలి."

"చిత్తం," అన్నాడు బొప్పన. కూతురిని చూసి, ఇక్కడేం చేస్తున్నావన్నట్టు కనుబొమ ఎగరేశాడు. పొన్నారి తల అడ్డంగా ఊపింది. అతనికి అర్థం కాలేదు. పెద్దకుంచె సున్నంలో ముంచి, గోడ పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు.

నుదురు లేచింది.

రెండో లాగుకి కనుబొమ, ముక్కు. మూడో లాగుకి చెవి, చీలిన తమ్మె. బొప్పన చెయ్యి గాలిలో ఆగింది. సున్నం మోచేతి మీదుగా కారి నేల మీద పడుతోంది. అక్కడితో ఆపేసి ఉంటే సగం మొహమే బయటపడేది, ఏదో మరకని బుకాయించవచ్చు. ముప్ఫై ఏళ్ళుగా పూతలు వేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా? కానీ బొప్పన కుంచె మళ్ళీ ముంచాడు. గబగబా, నిండుగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా భుజాలు, చేతులు, పంచెకట్టు, పాదాల దాకా పూసేశాడు. ఎర్రటి మాచన నిలువెత్తున నవ్వుతూ గోడ మీద నిలబడ్డాడు.

"ఆపరా!" అని పల్లకీలోంచి లేచాడు శుక్లాక్షుడు.

ఆపడానికి ముందుకొచ్చిన భటుల్లో ఒకడు బొమ్మ ముందు ఆగిపోయాడు. ముసుగు కిందనుంచి చెయ్యి మెల్లగా పైకి లేచి ఎడమచెవిని తడుముకుంది. చుట్టూ ఉన్నవాళ్ళూ తడబడి ఆగారు.

మాంత్రికుడి తెల్లకళ్ళు వీధంతా వెతికాయి. బొప్పన చిందించిన సున్నం చుక్కలు పొన్నారి చేతుల మీద పడ్డాయి. పది వేళ్ళూ ఎర్రగా మండుతున్నాయి.

"ఎర్రవేళ్ళు! అదిగో! పట్టుకోండి!"

పొన్నారి ముంత విసిరేసి పరుగెత్తింది. ఉప్పుగిడ్డంగి సందు, తాళ్ళవాళ్ళ వీధి, మెట్లబాట. ఎండకి కళ్ళు చెదిరి, కొత్తవాడైతే పది అడుగుల్లో గోడకి గుద్దుకునేవాడు. ఆమెకి ప్రతి గోడా తెలుసు, ఎక్కడ పెచ్చు లేచిందో, ఎక్కడ మూల తిరిగిందో. వెనక తెల్లముసుగుల చప్పుడు దగ్గరవుతోంది. ముందు వీధి మూసుకుపోయింది. పక్కన గచ్చుపనివాళ్ళ పెరడు కనబడితే గోడ దూకింది.

రాజుగారి కొత్త మండపం కోసం చేసిన గచ్చుబొమ్మలు అక్కడ బారులు తీరి ఆరుతున్నాయి. వింజామర పట్టినవి, దీపం పట్టినవి, వీణ పట్టినవి. చివరి పీఠం ఒక్కటి ఖాళీగా ఉంది. మూలన సున్నపు బాన. పొన్నారి వేలు పెట్టి చూసింది. పాతసున్నం, ఏళ్ళ తరబడి నానింది, చురుక్కుమంటుంది, మహా అయితే పొక్కుతుంది గాని ఒళ్ళు కాలదు. మొహం మీది నల్లగుడ్డ లాగేసి, కళ్ళు గట్టిగా మూసుకుని బానెడూ నెత్తిన పోసుకుంది. ఎర్రవేళ్ళు తలవెనక దాచి, నడుం ఓ పక్కకి వంచి పీఠమెక్కింది.

భటులు బారుల మధ్య తిరిగారు. సున్నం మెడ వెనక చీమల్లా పాకుతోంది. ఎక్కడినుంచో కాకి ఒకటి వచ్చి ఆమె మోచేతి మీద వాలి, ముక్కు రాసుకుని, తీరిగ్గా అటూ ఇటూ చూసింది. పొన్నారి ఊపిరి బిగపట్టింది. పల్లకీ గుమ్మంలో ఆగింది.

శుక్లాక్షుడు ఆమె ముందు నిలబడి తల పక్కకి వాల్చాడు. "ఈ ఊరి గచ్చువాళ్ళకి ముక్కు పెట్టడం ఎప్పటికీ రాదు," అని గొణిగి వెళ్ళిపోయాడు. అంత ప్రాణభయంలోనూ పొన్నారికి ఒళ్ళు మండింది. ముక్కు అచ్చంగా వాళ్ళ నాయనమ్మది.

అందరూ వెళ్ళాక ఒక అడుగుల చప్పుడు మాత్రం మిగిలింది. దగ్గరికొచ్చింది. కాకి ఎగిరిపోయింది.

"పిచ్చుకా," అంది ఒక గొంతు, ఏళ్ళ తరబడి వాడని తలుపులా కిర్రుమంటూ.

ఆమె రెప్పలు ఎత్తింది. ముసుగు పక్కకి తొలిగింది. సున్నంలా పాలిపోయిన మొహం, చీలిన తమ్మె.

"అన్నా!"

"మెల్లగా. నాకిప్పుడే తెలివొచ్చింది, ఎంతసేపుంటుందో తెలియదు. ఆ గోడ మీద నన్ను నేను చూసుకున్నాను. రెండు పాదాలూ సరిగ్గా కుదిరాయే ఈసారి." అతను నవ్వబోయాడు, కుదరలేదు. "మేమెవ్వరం చావలేదు. ఓడను వాడే ముంచాడు, మమ్మల్ని వాడే తేల్చాడు. డెబ్బైమందిమీ ఇక్కడే, ఈ ముసుగుల్లోనే ఉన్నాం. ఇంటి గోడ మీద బొమ్మ ఉన్నన్నాళ్ళూ మనిషి ఇల్లు మరిచిపోడట. అందుకే తుడిపించాడు. ఎల్లుండి తర్పణాలు వదిలారంటే ఇక ఎప్పటికీ వాడి మనుషులమే."

"యువరాజు?"

"పల్లకీ ముందు జెండా పట్టుకు నడిచేది ఆయనే. పిలిచినా పలకడు, మాకన్నా లోతుకి వెళ్ళిపోయాడు. నాకు..." మాట మధ్యలో దూరంగా శంఖం మోగింది. మాచన కళ్ళలో ఏదో పల్చని పాలమీగడ కమ్ముతున్నట్టుంది. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "బొమ్మ చూశాను. కుడికన్ను పెట్టలేదు, మంచి పని చేశావు. ఇంకా పెట్టొద్దు. నేనింకా రాలేదు."

ముసుగు మళ్ళీ మొహం మీదికి జారింది. మనిషి వెనక్కి తిరిగాడు. "ఇక్కడ ఎవరూ లేరు," అని గుమ్మం దగ్గర ఎవరితోనో చెప్పడం వినిపించింది. అది అన్న చెప్పాడో ముసుగు చెప్పిందో ఆమెకి తెలియలేదు.

దీపాల వేళకి పొన్నారి పెరటిదారిన ఇల్లు చేరింది. ఆదెమ్మ ఏమీ అడగకుండా నీళ్ళు కాచి పోసి, బొబ్బలెక్కిన మెడకీ చేతులకీ ఆముదం రాసింది. రాస్తూ మధ్యమధ్య వీపు మీద రెండు దెబ్బలు కూడా వేసింది. మాచన మాట వినగానే ఆముదం గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది. నాయనమ్మ మాత్రం, "గోడల మీద గీసేది నువ్వేనని నాకు ముందే తెలుసు. ఆ బొమ్మల్లో భుజం గీత నాదే," అని కళ్ళు తుడుచుకుంది.

బొప్పన అప్పటికే వచ్చి గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. నల్లగుడ్డ చాటున ఉన్న పిల్ల అతని కూతురని తెలియక, చెప్పింది చేసిన పనివాడని మాంత్రికుడు అతన్ని ఏమీ అనలేకపోయాడు. కూతురు చెప్పిందంతా విన్నాడు, అంతే.

వీధిలో చాటింపు డప్పు ఆగగానే సోమసాని గంపతో సహా లోపలికొచ్చింది.

"విన్నావా, బొప్పన్నా? రేపు పొద్దున ఊళ్ళో ఆడవాళ్ళందరూ కోటగోడ దగ్గరికి రావాలట. గోడకేసి నిలబడి చేతులు ఆనించాలట. మధ్యాహ్నం నువ్వు గోడంతా సున్నం పూస్తావట. ఎవరి చేతి చోట ఎరుపు లేస్తే ఆవిడే దొంగట. రాజుగారు మేడ మీంచి చూస్తారట, తెల్లభటులు ఒక్కరూ తప్పకుండా ఎదురుగా కాపలా ఉంటారట." ఆమె గంప దించి పకపకా నవ్వింది. "పుట్టి బుద్ధెరిగి వంటింట్లో అడుగుపెట్టిన మనిషేనా వాడు? పసుపు అంటని ఆడచెయ్యి ఊళ్ళో ఎక్కడుందో చూపించమను! మొత్తం నగరాన్ని పట్టుకుపోతాడా?" అని నవ్వుతూనే పొన్నారిని చూసింది. సున్నం పొక్కులు, ఎర్రవేళ్ళు. నవ్వు ఆగిపోయింది. "నువ్వటే?" అంది మెల్లగా. "ఉప్పుగిడ్డంగి చేప... తోక బాగా కుదిరిందే."

పొన్నారి మాచన చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఏడేళ్ళుగా అటు ముత్తయిదువా కాక ఇటు విధవా కాకుండా పోయిన సోమసాని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

ఆదెమ్మ కంచాలు పెట్టింది. సోమసానికీ ఒకటి వేసింది. వడ్డిస్తున్నంతసేపూ ఆమె నోరు ఆగలేదు. "ఉన్న ఒక్క పిల్లనీ పోగొట్టుకోలేను. ఈ పూటే ఉప్పుపడవలో మా అన్న దగ్గరికి పంపేద్దాం. నాలుగు నెలలు అక్కడుంటే గొడవ సద్దుమణుగుతుంది. నా కొడుకు బతికే ఉన్నాడు, అది చాలు. కళ్ళకి కనబడకపోయినా బతికే ఉన్నాడు."

"వాడు బతికి ఉండేది ఎల్లుండి దాకానే, అమ్మా," అంది పొన్నారి.

"నువ్వు నోరు ముయ్యి! చేతులు తెగ్గొడితే రేపు అన్నం ఎవరు తినిపిస్తారు నీకు?"

"నువ్వే తినిపిద్దువు గాని," అంది నాయనమ్మ. "ఇప్పుడు తిననివ్వు."

బొప్పన నాలుగు ముద్దలు తిన్నాడు. మంచినీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకే అందరూ అతని వైపు తిరిగారు.

"పొన్నారి ఎక్కడికీ పోదు," అన్నాడు. "రేపు అందరూ కోటగోడ దగ్గరికి వెళ్ళండి. చేతులు ఆనించమన్నాడుగా, ఆనించండి. ఊరికే ఆనించి రాకండి. కొంగులో పసుపు తడిపి పట్టుకెళ్ళి, ఒంటి చాటున ఎవరింటి మనిషిని వాళ్ళు గీయండి. కుదిరినా కుదరకపోయినా సరే. సోమసానీ, నువ్విప్పుడే లేచి ఆ డెబ్బై ఇళ్ళకీ చెప్పు. మధ్యాహ్నం పూత నాది. తూర్పు కొస నుంచి పడమటి కొస దాకా ఒక్క బెత్తెడు కూడా వదలను. ఆ ముసుగుల్లో ఉన్న మనవాళ్ళందరూ గోడకేసి చూస్తూ నిలబడి ఉంటారు."

ఆదెమ్మ వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసింది. "అయితే మాచన్నను నేను గీస్తాను," అంది. "చేతకాదు. అయినా నేనే గీస్తాను."

"నువ్వే గీయి," అన్నాడు బొప్పన. కూతురి వైపు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పనిని గురించి అతను మాట్లాడటం అదే మొదలు. "ఇవాళ గోడ మీద నువ్వు గీసింది చూశాను. అందుకే చెబుతున్నాను. యువరాజుకి తల్లి లేదు, తోబుట్టువులు లేరు. ఆనాడు ఓడెక్కేటప్పుడు కూడా ఆయన బొమ్మ ఎవరూ వెయ్యలేదు. కోటగుమ్మం పక్కన, రాజుగారి కంటికి ఎదురుగా, మూడు బారల గోడ ఖాళీగా ఉంచమని అందరికీ చెబుతాం. రేపు అక్కడ నువ్వు యువరాజును గీస్తున్నావు."